పల్లాలయ్య అనని మాటలు

పల్లాలయ్యని ఒకడుండేవాడంట, మొగలిలంక రేవులో పడవ దాటించేవాడు. గోదారి పాయకి ఈ గట్టున మొగలిలంక, ఆ గట్టున కూనపాడు, నడిమధ్యన ఈయన పడవ. లంక అంటే చుట్టూ నీళ్ళే కదమ్మా, పెళ్ళికొచ్చేవాళ్ళయినా చావుకొచ్చేవాళ్ళయినా పల్లాలయ్య పడవెక్కకుండా ఊళ్ళో కాలెట్టడానికి లేదు. మనిషి చూస్తే తుమ్మమొద్దులా నల్లగా ఉంటాడంట, నుదుట నామం మాత్రం తెల్లగా, దిద్ది తీర్చినట్టు. పొద్దున్నే గడ నీళ్ళలో దించేముందు, "నరసింహా, తోసేది నువ్వు, గడ పట్టుకునేది నేను" అని దణ్ణం పెట్టేవాడు. ఆ దణ్ణం లేకుండా పడవ కదిలిన పొద్దు లేదనుకో. అంత భక్తి పుట్టుకతోనే వచ్చిందా అంటే, లేదు. అబద్ధమెందుకు? వయసులో ఉన్నప్పుడు ఆయన నోరు నోరు కాదు, కందిరీగల తుట్టె. పడవలో కూచున్న పదిమందిలో తొమ్మిది మంది గుట్టు పదోవాడి చెవిలో వేసి, ఆ పదోవాడు దిగ్గానే వాడి గుట్టు ఈ తొమ్మిదిమందికీ పంచే రకం. ఏమైందంటే, ఒకనాడు ఒంటరిగా పడవలో వస్తుంటే పెద్ద గాలి లేచింది. పడవ గిర్రున తిరుగుతోంది, గడకి నేల అందట్లేదు, అలలు మొహాన కొడుతున్నాయి. అప్పుడు, "స్వామీ! అంతర్వేది నరసింహా! నన్ను గట్టున పడేశావంటే ఇకమీద ఈ నోట ఒకరి చెడ్డ పలకను, అబద్ధం ఆడను!" అని మొక్కేశాడంట. స్వామి చల్లనివాడు. పిల్లి తన కూనని నోట కరుచుకుని తెచ్చినట్టు పడవని తెచ్చి ఇసకమీద పెట్టాడు. మొక్కడం తేలికేనమ్మా, గాలి లేస్తే మనందరం మొక్కుతాం. గాలి ఆగాక కదా అసలు సంగతి! పల్లాలయ్య మాత్రం నిలబెట్టుకున్నాడు. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు, పన్నెండేళ్ళు.

ఇప్పుడు వచ్చింది తిరకాసు. పిల్లనిచ్చేవాళ్ళు పిల్లాడి ఇంటికి తిన్నగా వెళ్ళరు కదా, ముందు ఆరా తీస్తారు. ఇంటివాళ్ళనడిగితే వాళ్ళు చెప్పేది పొగడ్తే, పక్కింటివాళ్ళనడిగితే వాళ్ళు చెప్పేది తగువే. అందుకని రేవులో అడుగుతారు. ఎవడు తూలుతూ ఎక్కాడో, ఎవడు పెళ్ళాంమీద అరుస్తూ ఎక్కాడో, ఎవడు దిగేటప్పుడు ముసలాళ్ళకి చెయ్యి అందించాడో పడవవాడికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? "ఏవండీ, మీ ఊళ్ళో ఫలానావారబ్బాయి ఎలాంటోడండీ?" అని అడిగేవాళ్ళంట. ఆ అబ్బాయి చూస్తే పట్టపగలే తాగి పడుండే ఘనుడు. పల్లాలయ్య ఏం చెప్తాడు? చెడ్డ అనకూడదు, అబద్ధం ఆడకూడదు. ఆకాశంకేసి చూసేవాడు, నీళ్ళకేసి చూసేవాడు, వీపు గోక్కునేవాడు, వెతికి వెతికి ఒక మంచి దొరకబుచ్చుకుని, "ఆళ్ళ తాతగారు మహానుభావుడండి" అనేవాడు. అంతే! వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకుని, "బాబ్బాబు, పడవ తిప్పెయ్యండి, పొయ్యి ఆర్పకుండా వచ్చాం" అనేవాళ్ళంట. ఇంకొకడి గురించి అడిగితే, "ఆళ్ళ నూతినీళ్ళు చాలా తియ్యనండి" అన్నాడు. ఆ సంబంధమూ గోదాట్లో కలిసింది. అదే మంచివాడయ్యాడనుకో, "కష్టపడతాడండి, తల్లిని చూస్తాడండి, మాటంటే మాటేనండి" అని ఇటు గట్టున మొదలెట్టి అటు గట్టు వచ్చేదాకా చెప్తూనే ఉండేవాడు. దాంతో జనం ఏం చేశారంటే, మాటల్ని వదిలేసి ఏటిని కొలవడం మొదలెట్టారు. "పల్లాలయ్య ఎందాకా చెప్పాడే?" "గట్టుదాకా చెప్పాడు." "అయితే ముహూర్తం పెట్టించెయ్యి." "పల్లాలయ్య ఎందాకా చెప్పాడు?" "సగం ఏటిదాకా." "సరే, పిల్లాడు ఏదో మోస్తరు." "ఎందాకా చెప్పాడు?" "గడ మూడుసార్లు వేసేలోపే ఊరుకున్నాడు." "అమ్మో, వద్దు!" ఇలాగన్నమాట. మరి పల్లాలయ్యకి ఇది తెలుసా అంటే, తెలీదు! పిచ్చి మారాజు, 'పన్నెండేళ్ళుగా ఒక్కర్ని ఒక్క మాట అనలేదు, ఒక్క సంబంధం చెడగొట్టలేదు' అని రోజూ స్వామికి చెప్పుకుని నిద్రపోయేవాడంట.

ఇదిలా ఉండగా, ఆ మొగలిలంకలోనే లోవరాజని ఒక కుర్రాడు, కొబ్బరి దింపు పని. తల్లీతండ్రీ లేరు, మేనత్త చంద్రమ్మ పెంచింది. బంగారం లాంటి పిల్లాడనుకో. పల్లాలయ్యకి వాడంటే ప్రాణం, బొడ్డూడని పసిగుడ్డుగా ఉన్నప్పుడు పడవలో పడుకోబెట్టుకుని దాటించాడు మరి. తీర్థంలో ఎక్కడో కూనపాడు బూలయ్య కూతురు వరాలు ఈ లోవరాజుని చూసింది, లోవరాజు వరాల్ని చూశాడు. ఆ పిల్ల ఇంటికెళ్ళి, "నాన్నా, ఆ కొబ్బరి దింపే అబ్బాయైతే చేసుకుంటాను" అని చెప్పేసింది, బెదురూ లేదు బెంగా లేదు. బూలయ్య మెత్తనోడు, సరేలే అన్నాడు. కానీ ఆ ఇంట్లో మాట బూలయ్యది కాదు, వాళ్ళక్క అచ్చాయమ్మది. అచ్చాయమ్మంటే ఎవరనుకున్నారు? చేపని కొనేముందు దాని మొప్పలెత్తి చూడ్డమే కాదు, అమ్మేదాని మొహం కూడా ఎత్తి చూసే మనిషి. "ఆరా తియ్యకుండా పిల్లనిస్తామా? పద రేవుకి" అంది తమ్ముడితో.

సరే, ఆ పొద్దు పడవ కిటకిటలాడుతోంది. బుట్టలవాళ్ళు, గడ్డిమోపులవాళ్ళు, మధ్యలో ఎవరిదో ఒక మేక. అచ్చాయమ్మ అందర్నీ సర్దుకోమని పల్లాలయ్య పక్కనే కూచుంది. పడవ కొంచెం సాగింది. "ఏమయ్యా పల్లాలయ్యా, మీ లోవరాజు ఎలాంటోడయ్యా?" అని అడిగింది. అడగ్గానే పల్లాలయ్య మొహం చేటంతయిందంట. ఇన్నాళ్ళకి ఒక మంచివాడి గురించి అడిగారు, వెతుక్కోనక్కర్లేదు, గోక్కోనక్కర్లేదు. ఏది ముందు చెప్పాలో తెలీనన్ని ఉన్నాయి లోపల. గొంతు సవరించుకుని, "లోవరాజాండీ! చెట్టు బాగా ఎక్కుతాడండి" అని మొదలెట్టాడు. మొదలెట్టాడా? సరిగ్గా అప్పుడే ఆ మేక, ఏం పుట్టిందో దానికి, గడ్డిమోపు మీంచి ఎగిరి గోదాట్లో దూకింది! 'నా మేకో' అని మేకగలావిడ గోల. పల్లాలయ్య గడ పక్కవాడి చేతిలో పెట్టి, పంచె బిగించి, తనూ దూకేశాడు. నీళ్ళ లాగుడుకి మేక అలా కిందకి పోతోంది, ఈయన దాని వెనక ఈత. ఇక్కడ పడవ ఎవడి చేతిలోనో పడి ఎలాగో గట్టు చేరింది. పల్లాలయ్య మేకని భుజాన వేసుకుని ఎక్కడో కిందన తేలి నడిచొచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు దిగి వెళ్ళిపోయారు.

వెళ్తూ వెళ్తూ అచ్చాయమ్మ ఏమందనుకున్నారు? "విన్నావుట్రా తమ్ముడా? చెట్టు బాగా ఎక్కుతాడంట!" "మరి ఎక్కుతాడు కదే, కొబ్బరి దింపువాడు." "ఒరే పిచ్చి సన్నాసీ, చెట్టెక్కేవాణ్ణి పట్టుకుని చెట్టెక్కుతాడన్నాడంటే, కిందకి దిగాక చెప్పుకోడానికి ఏమీ లేదన్నమాట! ఇంత తక్కువలో ఎవరి విషయంలోనూ ఆపలేదురా ఆయన. ఇంకా అడుగుతానేమోనని నీళ్ళలో దూకేశాడు, చూశావా?" "మేక కోసం దూకాడే అక్కా." "మేక ఒట్టి సాకురా! ఆ మేక కంటే ముందు ఈయనే దూకాడేమోనని నాకనుమానం" అందంట. విన్నారా, తల్లీ! మేక చేసిన పనికి మనిషి మీద నింద.

సరే, వచ్చాక మర్యాద ఉంటుంది కదా, చంద్రమ్మ ఇంటికి వెళ్ళారు. అరుగు అంచున కూచున్నారు, సగం అరుగుమీద, సగం గాల్లో. లోవరాజు అప్పటికప్పుడు కొబ్బరిచెట్టెక్కి గంగాబోండాలు దింపి, కొట్టి, చేతికందించాడు. అచ్చాయమ్మ, "ఇప్పుడే తాగొచ్చాం బాబూ" అంది. నడిఏట్లో ఏం తాగారమ్మా, చెప్పండి! పందిరి బాగుందన్నారు, ఆవు బాగుందన్నారు, పిల్లాడి మాట ఎత్తలేదు. లేచి, "కబురు పెడతాం" అని గుమ్మం దిగారు. కబురు పెడతాం అంటే ఏమిటో ఆడపిల్లల్ని కన్న ఇంట్లో, మగపిల్లల్ని కన్న ఇంట్లో చెప్పనక్కర్లేదు. లోవరాజు ఆ కొట్టిన బోండాలకేసే చూస్తూ కూచున్నాడంట పాపం, ఎవరూ తాగలేదు, వాడికీ గొంతు దిగలేదు.

చంద్రమ్మ ఊరుకుంటుందా? జరిగిందేవిటో కూపీ లాగి, కొప్పు ముడేసుకుంటూ తిన్నగా రేవుకొచ్చి పడింది. "ఏవయ్యా మరిదీ! మావాడు నీకేం ద్రోహం చేశాడయ్యా? చెట్టెక్కుతాడన్నావంట!" "మరి ఎక్కుతాడు కదా వదినా?" "ఎక్కుతాడు! అదొక్కటీ చెప్పి ఊరుకుంటావా?" "మేక దూకింది వదినా." "నీ మేకని పులెత్తుకెళ్ళ! నువ్వు ఒక్క ముక్క చెప్పి ఆపితే ఇంకేం లేదని అర్థమని ఈ చుట్టుపక్కల చంటిపిల్లకి కూడా తెలుసు. వెంకన్న కొడుక్కి నువ్వు తాతగారి మాట చెప్పలేదూ? ఆ సంబంధం తప్పిపోలేదూ? నూతినీళ్ళన్నావు, వాడికి ఇప్పటిదాకా పెళ్ళే కాలేదు!" పల్లాలయ్య గడ పక్కన పెట్టేశాడంట. "అదేవిటి వదినా, పన్నెండేళ్ళుగా నేను ఒక్కర్నీ ఏవీ అనలేదే!" "నువ్వననక్కర్లేదయ్యా. నువ్వు అనంది మేం వింటున్నాం" అంది చంద్రమ్మ. ఆ మాటకి ఆయన పడవ అంచున కూలబడ్డాడు. ఆలోచించండి మరి. గుక్కెడు గుక్కెడుగా దాచుకున్న పుణ్యం, కడవ వంచి చూస్తే అడుగున చిల్లు!

మర్నాడు పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని, నామం ఇంకొంచెం పొడుగ్గా దిద్దుకుని, పడవ ఆ గట్టున కట్టేసి బూలయ్య ఇంటికి వెళ్ళాడంట, తప్పు దిద్దుకుందామని. అచ్చాయమ్మ పీటేసింది. ఈయన కూచుని ఊపిరి తీసుకోకుండా, "అక్కగారండీ, లోవరాజు కష్టపడతాడండి, మేనత్తని తల్లిలా చూస్తాడండి, ఏ దురలవాటూ లేదండి, వానొస్తే నా పడవలో నీళ్ళు తనొచ్చి తోడతాడండి..." అని దండకం చదివాడు. అచ్చాయమ్మ చాటలో బియ్యం ఏరుతూ వింది, అంతా వింది. విని, "మేం అడిగామా?" అంది. "అడగలేదండి." "మరి ఏరు దాటొచ్చి చెప్తున్నావు?" "నిజం కదండీ, అందుకని." "నిజమైతే అది నడిచొస్తుంది కదయ్యా, నువ్వెందుకు మోసుకొచ్చావు?" పల్లాలయ్య పీటమీంచి లేచాడు. "స్వామి మీద ఒట్టండి అక్కగారూ!" అన్నాడు. ఆవిడ చాట కింద పెట్టేసింది. "ఒట్టు పెట్టమని కూడా నేనడగలేదే" అంది. అయిపోయింది. దిగబడిన బండి ఎద్దుల్ని అదిలించినకొద్దీ ఇంకా కూరుకుపోయినట్టయింది. వెళ్ళేటప్పుడు బూలయ్య గుమ్మందాకా వచ్చి, "ఏవనుకోకయ్యా, ఎగువనించి వేరే సంబంధం వచ్చింది, శుక్రవారం తాంబూలాలు మార్చుకుంటున్నాం" అన్నాడు. తలుపు చాటునించి వరాలు చూసిన చూపుంది చూశారా, అది ఆయనకి ముల్లులా దిగిందంట.

బుధవారం నాడు పడవ నడుపుతూనే ఉన్నాడు, మనసు మాత్రం పడవలో లేదు. 'స్వామీ, మంచి చెప్తే చెడ్డ వింటున్నారు. ఎక్కువ మంచి చెప్తే ఇంకా చెడ్డ వింటున్నారు. నేనేం చెప్పాలి?' అని ఒకటే అడుగుడు. అడగ్గా అడగ్గా, నడిఏట్లో గడ ఆపేసి, "ఓయ్!" అన్నాడంట. స్వామే తోపించాడని నేనంటాను, మీరేవైనా అనుకోండి.

గురువారం పొద్దున్న తాంబూలాల సరుకు కోసం అచ్చాయమ్మ పడవెక్కింది. తమలపాకులకి మొగలిలంక ఆకు తర్వాతే ఏదైనా కదా. పడవనిండా జనం. ఈసారి మేకల్ని ఎక్కించుకోలేదు. నడిఏటికి వచ్చాక పల్లాలయ్య గడ అడ్డంగా పెట్టేసి, కళ్ళు మూసుకుని, "నరసింహా, తప్పు నాది, దండన నాకే వెయ్యి" అని, కళ్ళు తెరిచి, "అచ్చాయమ్మగారండీ! ఆ లోవరాజున్నాడే, ఆడు... ఆడు..." అన్నాడు. నోటికి అలవాటు తప్పింది పాపం, పన్నెండేళ్ళయింది మరి. "ఆడు గురక పెడతాడండి! గట్టుమీద పడుకుంటే పడవలో నాకు నిద్ర ఉండదండి!" ఒకావిడ రెండు చెవులూ మూసుకుని, "నారాయణ! నారాయణ! పల్లాలయ్య నోట చెడ్డ!" అంది. ఈయన ఆగితేగా. "పాడతాడండి, చెట్టుమీంచి. ఆ గొంతుకి కాకులు ఊరొదిలేసి పోతున్నాయండి. పీతలపులుసు జుర్రాడంటే వీధి చివరికి వినపడుద్దండి. ఏదైనా పని చెప్తే మర్చిపోతాడండి, మేనత్త ఉప్పు తెమ్మంటే చింతపండు తెచ్చాడండి, అదీ రెండుసార్లు. ఇంకా... కప్పంటే భయవండి! అంత చెట్టెక్కేవాడు, కప్పని చూస్తే గడపమీదకి గెంతుతాడండి!" అని, రొప్పుతూ నిలబడ్డాడు.

అచ్చాయమ్మ వేళ్ళు మడిచింది. "గురక, పాట, పులుసు, మతిమరుపు, కప్ప. ఐదు. ఇంకా?" అంది. "ఇంకా..." పల్లాలయ్య ఆకాశంకేసి చూశాడు, నీళ్ళకేసి చూశాడు, వీపు గోక్కున్నాడు. పడవ అలా కిందకి కొట్టుకుపోతోంది, ఎవరికీ పట్టలేదు, అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు. "ఇంకా లేవండి." "తాగుడు?" "అదుంటే ముందదే చెప్పనటండీ?" "చెయ్యి చేసుకోడం?" "కప్పకి జడిసేవాడు మనిషిమీద చెయ్యేం చేసుకుంటాడండీ!" "గట్టిగా ఆలోచించుకో." "నిన్నట్నించీ ఏరానండి, ఐదే దొరికాయి. మొక్కు పోనే పోయింది, ఇంకా దాచుకుని ఏం చేసుకోనండీ?" అని కళ్ళనీళ్ళెట్టుకున్నాడంట. అచ్చాయమ్మ మడిచిన ఐదు వేళ్ళకేసీ చూసుకుంది. తర్వాత, "మా ఆయనకి ఈ ఐదూ ఉండేవి. వీటి పైన ఇంకో పదకొండుండేవి" అంది తనలో తను అనుకున్నట్టు. అని, పమిట సర్దుకుని, "అవునుగానీ పల్లాలయ్యా, మీ చంద్రమ్మ వక్క నమలగలదా? పళ్ళున్నాయా?" అని అడిగింది.

పడవలో జనం గొల్లుమన్నారు! పల్లాలయ్యకి ఒళ్ళు మండిపోయింది. "ఇదేంటండీ అక్కగారూ, నేను లోవరాజు గురించి ఇంత మొత్తుకుంటుంటే మీరు ఆవిడ పళ్ళ గురించి అడుగుతారేంటండీ? ఆ పళ్ళకేం, మొన్న నన్ను నమిలేసింది!" "అయితే వక్కలు ఇంకో రెండు గుప్పిళ్ళు ఎక్కువ కొనాలి" అంది అచ్చాయమ్మ. జనం మళ్ళీ గొల్లు. ఈయన ఇటు చూస్తాడు, అటు చూస్తాడు, ఏమీ తెలీదు. చివరికి ఇందాక చెవులు మూసుకున్నావిడే, "నీ మొహం మండా, పిల్లనిస్తానందయ్యా!" అంది. "ఎప్పుడంది? ఎక్కడంది?" అని అడిగాడంట పల్లాలయ్య. "నేను ఇక్కడే ఉన్నాను కదా, ఆవిడ అన్లేదే!" అచ్చాయమ్మ నవ్వాపుకుంటూ, "ముందు పడవ చూసుకోవయ్యా మహానుభావా, సముద్రంలోకి పోతున్నాం" అంది.

పెళ్ళి బాగా జరిగింది. పీతలపులుసు పెట్టారో లేదో నాకు తెలీదు. పెళ్ళయిన మూడో రోజున పల్లాలయ్య అంతర్వేది వెళ్ళి, గుండు చేయించుకుని, స్వామి ముందు సాష్టాంగపడి, "మొక్కు తప్పాను తండ్రీ, ఏవంటావో అను" అన్నాడంట. స్వామి ఆయన్ని అలాగే చూశాడు. హారతిచ్చారు, తీర్థమిచ్చారు, అంతే. ఊరొచ్చి చంద్రమ్మతో, "వదినా, స్వామి ఏవీ అన్లేదు" అన్నాడు దిగులుగా. "ఏవీ అనలేదంటే ఏవిటయ్యా అర్థం?" అందావిడ. "ఏవిటి?" అన్నాడు. చంద్రమ్మ నుదురు కొట్టుకుందంట. అప్పట్నించీ ఆయన ఎవరు అడిగినా మంచీ చెప్పేవాడు, చెడ్డా చెప్పేవాడు, ఉన్నదున్నట్టు. దాంతో ఆ మాటల్ని ఎలా అర్థం చేసుకోవాలో ఎవరికీ బోధపడక, రేవులో ఆరా తియ్యడమే మానేశారు.

కాబట్టి తల్లీ, మనుషులు నోటితో సగం చెప్తారు, ఊరుకుని సగం చెప్తారు. వినేవాళ్ళు తీసుకునేది మాత్రం తమకి కావలసినంత. దేవుడొక్కడే ఏమీ చెప్పకుండా అంతా చెప్తాడు. ఇదీ పల్లాలయ్య సంగతి. అబ్బా, ఈ ఏడు ఎండలు మహా ముదిరాయమ్మా. ఇందాకట్నించీ చెప్తూనే ఉన్నానా, మీ మజ్జిగ కవ్వం చప్పుడు ఎంత బాగుందో అనుకుంటున్నాను... ఏంటలా చూస్తారు? నేనేమీ అడగలేదు. అదుగో, మీ కోడలు చెంబు పట్టుకుని లేచింది. ఆ పిల్ల వృద్ధిలోకొస్తుంది.